గట్టి రంగు ముద్ర వెనక

నేను పనిచేసినన్నాళ్ళూ రాసింది బియ్యంలో రాళ్ళ గురించి, పాలలో నీళ్ళ గురించి, కారంలో కలిపే ఇటుకపొడి గురించి, నెల తిరక్కుండా అడుగు ఊడిపోయే చెప్పుల గురించి. మద్రాసు నుంచి వెలువడే ఒక ఆలిండియా ఇంగ్లీషు పత్రికకు గుంటూరులో బజారు విలేఖరిని. మంత్రుల పక్కన నిలబడి ఫొటో దిగే యోగం నాకు ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "మీరు పెద్ద వార్తలేమీ రాయలేదా అండీ?" అని మొహమాటపడుతూ అడుగుతున్నారు. రాశాను. చీర రంగు గురించి రాశాను. అది ఎంత పెద్దదో చెబుతాను, వినండి.

ఉప్పూపప్పూ పేజీ

నయాపైసలు వచ్చి, ఆ వెనకే కిలోలు కూడా వచ్చిన రోజులవి. మా బ్రాడీపేటలో పచారీ కొట్టుకు వెళితే వీశ ధర తీసుకుని కిలో తూచి ఇచ్చేవాళ్ళు. వీశ అంటే కిలో కంటే బాగా ఎక్కువ. "గవర్నమెంటు మార్చిందండీ, మేమేం చేస్తాం?" అనేవాళ్ళు, గవర్నమెంటు తూకం మార్చింది గానీ ధర కాదన్న సంగతి తెలియనట్టు. నాకు కడుపు మండి ఆ పత్రికకు ఉత్తరం రాశాను. ఊరికే తిట్టలేదు. ఏ కొట్లో ఏ సరుకు ఎలా తూచారో, అడిగితే ఏమన్నారో, పక్క కొట్టువాడు సరిగ్గా ఎలా తూచాడో అన్నీ రాశాను.

ఎడిటర్ వరదన్ గారు నెల్లూరు వైపు నుంచి వెళ్ళి మద్రాసులో స్థిరపడ్డ మనిషి. ఆయన నా ఉత్తరం అచ్చు వేయలేదు. తిరుగు టపాలో నాకే రాశారు: "ఇది ఉత్తరం కాదమ్మా, వార్త. వారం వారం ఇలాగే రాయగలవా?" అని.

మా వారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రాయి. ఎలాగూ బజారుకు వెళ్ళివచ్చి నాకు చెప్పేదే కదా. ఇక దేశానికి చెప్పు, నేను కాస్త ఊపిరి పీల్చుకుంటాను" అన్నారు. అలా మొదలైంది.

ఊళ్ళో తోటి విలేఖరులంతా మగవాళ్ళు. నా పేజీకి "ఉప్పూపప్పూ పేజీ" అని పేరు పెట్టారు. జిల్లా పరిషత్తు మీటింగులో ఎదురుపడితే, "కామేశ్వరి గారూ, ఇవాళ వంకాయలెంత?" అని నవ్వేవారు. నేను నవ్వకుండా ధర చెప్పేదాన్ని. పొన్నూరు వైపు కాయలయితే ఒక ధర, మంగళగిరి కాయలయితే ఒక ధర. రెండు మూడు సార్లు చెప్పాక నవ్వడం మానేశారు. తర్వాత వాళ్ళలో ఒకాయన గుట్టుగా వచ్చి, "మా ఆవిడ అడగమంది, ఏ మిల్లు నూనె మంచిదండీ?" అని అడిగాడు.

వరదన్ గారు నాకు పాఠాలేమీ చెప్పలేదు. ఒకే ఒక్క మాట చెప్పారు, అదీ మొదటి నెలలోనే. "నీకు అమ్మినవాడి దగ్గరే ఆగిపోతే అది పోట్లాట అవుతుందమ్మా. వాడికి అమ్మినదెవరో, ఆ అమ్మినవాడికి అమ్మినదెవరో, అంతదూరం నడిస్తే అప్పుడు వార్త." ఈ మాటకు అసలు అర్థం నాకు చీరాలలో తెలిసింది.

ఎస్తేరు గారి చీర

ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఎస్తేరు గారు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బకెట్లో తడి చీర పెట్టుకుని నేరుగా మా వంటింట్లోకి వచ్చేశారు.

"చూడండి కామేశ్వరి గారూ, దీన్ని చూడండి. కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని నేను. నన్నే రంగుతో మోసం చేశారు."

చీర విప్పి చూపించారు. మీగడ రంగు చీర, ఎర్రంచు. మొదటి ఉతుకుకే అంచు ఎరుపంతా కారి, చీర నిండా గులాబీ మరకలు. కొంగు చివర మాత్రం గుండ్రటి నీలి ముద్ర చెక్కుచెదరలేదు. అందులో 'చీరాల, గట్టి రంగు' అని ఉంది.

"ముద్ర రంగు పోలేదండీ, అంచు రంగు పోయింది. ఆ ముద్ర వేసిన రంగే చీరకు వేయాల్సింది" అన్నారు ఎస్తేరు గారు. ఆవిడకు కోపం వస్తే హాస్యం కూడా వచ్చేది.

సరిగ్గా ఆ వారమే మద్రాసు నుంచి పెద్ద కవరు వచ్చింది. ఢిల్లీ, కలకత్తా, బొంబాయి నుంచి పాఠకులు రాసిన ఫిర్యాదులు. అన్నీ చీరాల చీరల మీదే, అన్నీ రంగు పోవడం గురించే. ఒక కలకత్తా ఆవిడ పెళ్ళిలో వానకు తడిసి, పక్కన కూర్చున్న వియ్యపురాలి పట్టుచీర కూడా పాడుచేసిందట. కవరులోనే వరదన్ గారి సహాయకుడు పెట్టిన చీటీ ఉంది. ఆయన కుర్రవాడు, చురుకైనవాడు, తొందర ఎక్కువ. వచ్చే పేజీకి వార్త కావాలనీ, హెడ్డింగు తానే పెట్టేశాననీ రాశాడు. ఆ హెడ్డింగుకు తెలుగులో అర్థం 'చీరాల చేసిన మోసం'.

హెడ్డింగు ముందు పుట్టి వార్త తర్వాత పుడితే ఆ బిడ్డకు ఎప్పుడూ ఏదో ఒక అవయవం తక్కువే. ఈ సంగతి కొత్తగా చేరేవాళ్ళు గట్టిగా పట్టుకోవాలి.

ఒకరి మీద ఒకరు

ముందు ఎస్తేరు గారు చీర కొన్న కొట్టుకు వెళ్ళాను. యజమాని పెద్దమనిషి, మంచివాడే. చీర చూసి, "సోడా వేసి ఉడకబెట్టి ఉంటారండీ. ఈ కాలం ఆడవాళ్ళకు చీర ఉతకడం రాదు" అన్నాడు.

"ఈ చీర కొన్నావిడ కెమిస్ట్రీ లెక్చరరండీ. సోడా అంటే ఏమిటో మీకూ నాకూ చెప్పగలరు."

"అయితే నేసినవాళ్ళనే అడగండి. నేను చీర అమ్ముతాను గానీ నెయ్యను కదా?"

న్యాయమే. తెనాలిలో బండి మారి చీరాల వెళ్ళాను. అప్పట్లో చీరాల మా గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆ కొట్టుకు చీరలు వేసేవాళ్ళలో నాగరత్తమ్మ అనే ఆవిడ ఒకరని తెలిసింది. భర్తకు చూపు మందగించాక ఆవిడే మగ్గం గుంటలో కూర్చుంది. నేను వెళ్ళేసరికి ఆయన వసారాలో తడుముకుంటూ నూలు కండెలు చుడుతున్నాడు, ఆవిడ నేస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? సొసైటీ నించొచ్చావా?" అంది చెయ్యి ఆపకుండా.

"కాదండీ. పేపరు నుంచి."

"పేపరోళ్ళకి మాతో ఏం పని?"

నేను చీర తీసి ఆవిడ ముందు పరిచాను. చెయ్యి ఆగింది. గుంటలోంచి పైకి వచ్చి, చీర తీసుకుని గుమ్మం దగ్గర వెలుగులో నిలబడింది. అంచు మీద బొటనవేలితో తడిమింది. నాది కాదని బుకాయిస్తుందనే అనుకున్నాను. అలా అనడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. ఆ వీధిలో అలాంటి అంచు నేసేవాళ్ళు చాలామంది.

"ఇది నాదేనమ్మా" అంది.

"ఖాయంగానా?"

"గడికీ గడికీ మధ్య పోగు వదిలి వేసేది మా ఇంట్లోనే. నాదే." చీరను మడిచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడింది. "ఎవరమ్మా కట్టుకుంది?"

"కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ."

"పాపం, ఎంత మోజుపడి కొనుక్కుందో" అంది.  తర్వాత నా ముఖంలోకి చూసి, "నా పేరు రాస్తావా?" అంది.

"ఇంకా ఏం రాస్తానో తెలియదండీ."

"రాస్తే రాయి. నేసింది నేనే. కానీ రంగు నేను అద్దలేదు. పద, అద్దినోడి దగ్గరికి పోదాం." భర్తకు ఒక కేక వేసి, నా కంటే ముందే వీధిలోకి దిగింది.

రంగులద్దే ఖాసిం సాహెబు గారి దొడ్డి ఊరి చివర ఉండేది. వరసగా సిమెంటు గాబులు, వాటి వెనక వెదుళ్ళ మీద ఆరేసిన ఎర్రటి, నీలపు నూలు చుట్టలు. చిలపలంటారు వాటిని. ఆయన నాన్న కాలం నుంచి ఆ వీధుల వాళ్ళందరికీ వాళ్ళ దొడ్లోనే రంగు. చీర చూపించగానే ఆయన గొంతు పెంచాడు.

"నీళ్ళమ్మా, నీళ్ళు! సముద్రం దగ్గరైపోయి బావులన్నీ ఉప్పబారిపోయాయి. ఉప్పు నీళ్ళలో ఏ రంగు నిలుస్తుంది? నన్నంటే ఏం లాభం?"

నాగరత్తమ్మ ఊరుకోలేదు. "ఏం ఖాసిమూ, ఈ బావి నీళ్ళతోనేగా మీ నాయన అద్దింది? ఆయన అద్దిన నూలుతో నేసిన నా పెళ్ళిచీర ఇంకా పెట్టెలో ఉంది. తీసుకొచ్చి ఉతికి చూపించమంటావా? నీళ్ళ మీదకి తొయ్యమాక."

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని గాబు గట్టు మీద కూర్చున్నాడు.

"పోయిన వానాకాలం నుంచి ఇలాగే ఉందమ్మా" అన్నాడు మెల్లగా. "ఇదివరకు చిలప ముంచి తీస్తే గాబులో నీళ్ళు తేటపడేవి. రంగంతా నూలు తాగేసేది. ఇప్పుడు నీళ్ళు ఎర్రగా అలాగే ఉంటున్నాయి. ఎంతసేపు నానేసినా అంతే."

"రంగు డబ్బా మీద అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"మరి అమ్మినవాళ్ళను అడగలేదేం?"

"ఎవర్ని అడిగేది? పూర్ణయ్య గారినా? మేం వాడే కంపెనీ రంగుకి జిల్లా మొత్తానికీ ఆయనొక్కడే ఏజెంటు. ఆయన లేదు పొమ్మంటే ఈ గాబులు ఎండబెట్టుకోవడమే."

వంటల వ్యాసం

గుంటూరు వచ్చి పోస్టాఫీసులో మద్రాసుకు ట్రంకాలు బుక్ చేసుకుని కూర్చున్నాను. ముందు సహాయకుడే దొరికాడు. "రంగు పోతోందా లేదా? పోతోంది కదా. రాసెయ్యండి. ఇంకో పత్రిక రాస్తే మనకేం మిగులుతుంది?" అన్నాడు.

ఆయన అడిగింది తప్పని నేను ఇప్పటికీ అనను. రంగు పోతోందన్నది నిజమే. కానీ అంతవరకే రాస్తే ఢిల్లీలో కొట్లవాళ్ళు మర్నాడే చీరాల చీరలు వద్దంటారు. అప్పుడు మగ్గాలు ఆగేది నాగరత్తమ్మ లాంటి వాళ్ళ ఇళ్ళలో. పూర్ణయ్యకు మాత్రం ఏమీ కాదు. ఇంకో ఊళ్ళో ఇంకో ఖాసిముకు అవే డబ్బాలు అమ్ముకుంటాడు. ఈ మాటే చెప్పి, ఫోను వరదన్ గారికి ఇమ్మన్నాను.

ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "పూర్ణయ్య సంగతి నీకు తెలుసా, అనుమానమా?"

"అనుమానమేనండీ."

"అయితే తెలుసుకునే రా. ఈ వారం నీ చోట్లో వంటల వ్యాసం వేస్తాం. వంకాయ కూర వల్ల ఎవరూ దావా వేయరు."

మంచి ఎడిటర్ అంటే ఇంతే. విలేఖరికి కావలసిన వ్యవధి ఇచ్చి, ఆ ఖాళీని తన తంటాలతో తాను నింపుకునేవాడు. నేను ఆ తర్వాత చూసిన ఎడిటర్లలో నా కంటే బాగా ఇంగ్లీషు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వంటల వ్యాసం వేసే ధైర్యం ఉన్నవాళ్ళు తక్కువ.

రెండు డబ్బాలు

పరీక్ష ఎలా చేయాలో నేనూ ఎస్తేరు గారూ మా వంటింటి పీటల మీద కూర్చుని ఆలోచించాం. డబ్బా కల్తీదని తేలినా, కల్తీ చేసింది కంపెనీయా, ఏజెంటా? అది తేలాలంటే అదే రంగు రెండు చోట్ల కొనాలి. ఒక డబ్బా వరదన్ గారు మద్రాసులో కంపెనీ డిపోలోనే కొనిపించి ఆఫీసు మనిషితో పంపారు. రెండోది నేనే పట్నంబజారులో పూర్ణయ్య గారి కొట్లో, ఎస్తేరు గారూ చీరల కొట్టు యజమానీ పక్కన ఉండగా, రసీదు తీసుకుని కొన్నాను. చీరల కొట్టాయనకు కూడా అప్పటికి చీరలు తిరిగి వచ్చిపడుతున్నాయి. సోడా మాట ఎత్తడం మానేశాడు.

ఖాసిం సాహెబును ఒప్పించడం కష్టమైంది. "నా దొడ్లోనా? పూర్ణయ్యకు తెలిస్తే?" అన్నాడు.

"తెలిసేదే" అన్నాను. "మీ దొడ్లో కాకపోతే, ఇంకెవరో చేతకాక పాడుచేశారంటాడు. మీ చేతిమీద చేస్తే ఆ మాట అనలేడు."

ఆయన చివరికి, "నాన్న ఉంటే చేసేవాడు" అని ఒప్పుకున్నాడు.

ఆ రోజు దొడ్డి నిండా మనుషులే. చేనేత సొసైటీ ప్రెసిడెంటు వచ్చాడు. గుంటూరు నుంచి చీరల కొట్టాయన వచ్చాడు. వీధిలో మగ్గాలన్నీ ఆపి జనం వచ్చారు. ఒకే కట్టలోంచి తీసిన నూలు, ఒకే బావి నీళ్ళు, ఒకే మనిషి చెయ్యి. రెండు గాబులు. ఎస్తేరు గారు కాలేజీలో పిల్లలకు చెప్పినట్టు, తేడా రంగులో తప్ప మరి దేన్లోనూ ఉండకూడదని అందరికీ గట్టిగా వివరించారు. ఖాసిం సాహెబు ఎవరి ముఖం చూడకుండా పని చేశాడు. మద్రాసు డబ్బా రంగు వేసిన గాబులో నీళ్ళు కాసేపటికి తేటపడడం మొదలెట్టాయి. రెండో గాబు ఎర్రగా అలాగే ఉండిపోయింది. జనంలో గుసగుసలు.

చిలపలు ఆరాక రెండు ఇత్తడి పళ్ళేల్లో నీళ్ళు పోసి సబ్బుతో ఉతికాం. మద్రాసు రంగు చిలప ఉతికిన నీళ్ళు తెల్లటి నురగతో అలాగే ఉన్నాయి. గుంటూరు రంగు చిలప ముంచీ ముంచగానే పళ్ళెం కుంకం నీళ్ళయింది.

"ఇంకోసారి ఉతకండి" అంది నాగరత్తమ్మ. ఉతికాం. అంతే. "మళ్ళీ ఉతకండి. ప్రెసిడెంటు గారు చూడాలి, కొట్టాయన చూడాలి. రేపు ఎవరూ కాదనకూడదు." మళ్ళీ ఉతికాం. అప్పుడు ఆవిడ చీరల కొట్టాయన వైపు తిరిగి, "అయ్యా, మా మగ్గాన్ని ఏమన్నా అనాలా ఇక?" అంది. ఆయన తల దించుకుని, "లేదమ్మా, లేదు" అన్నాడు.

ఖాసిం సాహెబు మాత్రం తెల్లనీళ్ళ పళ్ళెం పక్కనే కూర్చుని, ఆ చిలపను రెండు చేతులా పట్టుకుని పిండుతున్నాడు. నీళ్ళు కారుతున్నాయి గానీ రంగు కారడం లేదు. పక్కనున్నవాళ్ళకు పట్టి చూపిస్తూ, "నా చెయ్యి పోలేదు. చూశారా? నా చెయ్యి పోలేదు" అంటున్నాడు. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. విలేఖరికి అవి తిరగకూడదంటారు. తిరిగితే తిరగనివ్వండి, రాసేది మాత్రం సరిగ్గా రాయండి.

డబ్బాలు మద్రాసు పంపితే వరదన్ గారు కంపెనీ వాళ్ళకు చూపించారు. గుంటూరు డబ్బా మూత అంచున టంకం ఒకసారి కరిగించి మళ్ళీ వేసిన గుర్తు వాళ్ళే పట్టుకున్నారు. లోపల సగం రంగు తీసేసి ఎవరో చవక రంగు నింపారని తేల్చారు.

పూర్ణయ్య గారి రాక

సంగతి పొక్కింది. ఒక సాయంత్రం పూర్ణయ్య గారు పళ్ళబుట్టతో మా ఇంటికి వచ్చారు. ఖద్దరు పంచె, ఖద్దరు చొక్కా, మెత్తటి మాట. నేను ఎదురుగానే నిలబడి ఉన్నా ఆయన మాట్లాడింది మా వారితో.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. అమ్మగారికి కాస్త చెప్పండి. బావుల్లో ఉప్పు వల్ల అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. నేను ఆ పత్రికకు నెలనెలా ప్రకటనలిచ్చే మనిషిని కూడాను."

మా వారు చేతిలో పేపర్లు దిద్దుకుంటూనే, "ఆ పత్రిక నాకు జీతం ఇవ్వదండీ. ఆవిడకిస్తుంది. ఆవిడనే అడగండి" అన్నారు.

అప్పుడు తప్పక నా వైపు తిరిగారు. "అమ్మా, నేత పనివాళ్ళు ఎలాగైనా బతుకుతారు. వ్యాపారం పేరు ఒకసారి పోతే మళ్ళీ రాదు."

"వాళ్ళకూ పేరుందండీ. ముద్ర వేసుకుని అమ్మేది ఆ పేరునే" అన్నాను. కాగితం, పెన్సిలు తీసుకున్నాను. "మీ మాట కూడా వేస్తాను. మూత టంకం సంగతి ఏమంటారు?"

ఆయన ముఖం మారిపోయింది. "కంపెనీ నుంచి ఎలా వస్తే అలా అమ్ముతాను. అంతకు మించి మాట్లాడితే కోర్టులో కలుద్దాం" అని లేచారు. ఆయన అన్నది అన్నట్టే రాసుకుని, తప్పు లేదు కదా అని చదివి వినిపించాను. పళ్ళబుట్ట మా వారు గుమ్మం దాకా మోసుకెళ్ళి ఆయన రిక్షాలో పెట్టి వచ్చారు.

మద్రాసులో ప్రకటనల మేనేజరు గోల పెట్టాడట. పేరు వేయకుండా 'ఒక వ్యాపారి' అని రాద్దామన్నాడట. వరదన్ గారు ట్రంకాలు చేసి నా అభిప్రాయం అడిగారు. ఒక వ్యాపారి అని రాస్తే ప్రతి రంగుల కొట్టువాడినీ జనం అనుమానిస్తారు, చేసినవాడు వాళ్ళ వెనక దాక్కుంటాడు అన్నాను. "నేనూ అదే అన్నాను. నీ నోటి నుంచి వినాలని అడిగాను" అన్నారాయన. హెడ్డింగు కొత్తది పెట్టారు. చీరాల నేసింది, గుంటూరు కలిపింది అని దానర్థం. పూర్ణయ్య పేరు, ఆయన మాట, పరీక్ష, సాక్షులు, అన్నీ వచ్చాయి. తెలుగు పత్రికలు దాన్ని తర్జుమా చేసి వేసుకున్నాయి.

ఆ తర్వాత

పూర్ణయ్య గారి లాయరు నుంచి నోటీసు వచ్చింది. కంపెనీ వాళ్ళు ఆయన ఏజెన్సీ రద్దు చేసేసరికి నోటీసు వెనక దావా రాలేదు. చీరాల సొసైటీ రంగు నేరుగా మద్రాసు నుంచే తెప్పించుకోవడం మొదలెట్టింది. అలా అని అన్నీ ఒక్కసారి చక్కబడలేదు. ఉత్తరాది కొట్లవాళ్ళు కొన్నాళ్ళు ఆర్డర్లు ఆపారు. నాగరత్తమ్మ మగ్గం కూడా కొంతకాలం ఖాళీగా ఉంది. ఢిల్లీలో ఒక పెద్ద కొట్టువాళ్ళు వార్త కత్తిరించి అద్దంలో పెట్టి, పక్కనే చీరాల చీరలు పరిచారని వరదన్ గారు రాసినప్పుడు ఆ ఉత్తరం పట్టుకుని నేనే చీరాల వెళ్ళాను. నాగరత్తమ్మ తన భర్తకు గట్టిగా చదివి చెప్పమంది. చెప్పాను. ఆవిడ మగ్గం గుంటలోంచి లేవకుండానే వింది.

ఎస్తేరు గారికి ఆవిడ కొత్త చీర నేసి ఇచ్చింది, పాత చీర బదులుగా. డబ్బు ఇవ్వబోతే, "నా ముద్ర వేసి ఇచ్చాను. ముద్ర మాట నిలబెట్టుకోవద్దా?" అని కోప్పడింది.

ఖాసిం సాహెబు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. అనుమానం వచ్చిందా అని నేనడిగినప్పుడు 'వచ్చింది' అన్నాడు కదా, ఆ మాట నేను వార్తలో వేశాను. అనుమానించి కూడా అద్దాడని ఊళ్ళో ఎవరో అన్నారట. చీరాల వెళ్ళినప్పుడు దొడ్డి ముందు నుంచి వెళితే గాబులోకి వంగిపోయేవాడు. ఆ మాట వేయకుండా ఉండాల్సిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ వేయాల్సిందే అనే వచ్చింది జవాబు. పూర్ణయ్య ఒక్కడే మోసం చేస్తే అంత కాలం సాగదు. తెలిసి నోరు మెదపలేని పరిస్థితి ఉంటేనే సాగుతుంది. అది కూడా పాఠకుడికి చెప్పాలి. ఈ పనిలో మీకు సాయపడిన వాళ్ళందరూ మీకు స్నేహితులుగా మిగలరు. దానికి సిద్ధపడే రండి.

చివరగా ఒక్క సంగతి. ఇది నేను ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు.

చాలా రోజుల తర్వాత మా ఆడపడుచుకు చీర కొనడానికి పట్నంబజారులో ఒక కొట్టుకు వెళ్ళాను. నన్నెవరూ గుర్తుపట్టలేదు. నా పక్కన సత్తెనపల్లి వైపు పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం ఆవిడ కూర్చుంది. యార్డులో మిరపకాయలు అమ్ముకుని వచ్చినట్టుంది, కట్టుకున్న చీరకు ఇంకా ఆ ఘాటు ఉంది. గుమస్తా చీర మీద చీర విప్పి చూపిస్తుంటే ఆవిడ ఒకటి పట్టుకుని, కొట్టంతా వినపడేలా అంది:

"ఏమయ్యా, ఊరికే విప్పి చూపిస్తావేంది? కొంగు తడిపి చూపించు."

గుమస్తా నిట్టూర్చి, బల్ల కిందనుంచి నీళ్ళ గిన్నె తీశాడు. కొంగు ముంచి, పిండి, తెల్లగుడ్డ మీద అద్ది చూపించాడు. ఆవిడ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, సరేనన్నట్టు తలూపింది.

"ఇదేమిటయ్యా, కొత్తగా?" అన్నాను నేను, ఏమీ తెలియనట్టు.

"ఏం చెప్పమంటారండీ" అన్నాడు గుమస్తా విసుగ్గా. "ఎవరో ఆవిడ పేపర్లో రాసిందట. అప్పట్నుంచీ ప్రతివాళ్ళూ తడిపి చూపించమనేవాళ్ళే. చదువు రానివాళ్ళు కూడా. చేతులు నాని పోతున్నాయి."

"నాననీ" అంది ఆ పల్లె ఆవిడ. "మేం కాయలు అమ్మేటప్పుడు మీరు బస్తా కోసి చూడట్లా?"

నేను నా చీర ముందుకు జరిపి, "నాదీ తడపవయ్యా" అన్నాను.